ముందు టైరు కోసే మావయ్య

మావయ్య పోయాడని మా అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో, మా బడి స్టాఫ్ రూమ్‌లో ఉన్నాను. "ఏలూరు ఆసుపత్రిలో తెల్లారుతూనే ప్రాణం పోయిందమ్మా. మధ్యాహ్నానికి తీసుకొస్తున్నారు" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. మా నాన్న మీద ఒళ్ళు మండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ఒక కత్తి గురించి చెప్పాలి.

ఆయన మాకు చుట్టం కాదు. కైకలూరు శివార్లో సైకిల్ షాపు ఆయనది. ఆయనా మా నాన్నా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. టైరు కావాలని ఎవరైనా వెళ్తే సైజు తర్వాత, ముందు "ఎక్కడ తొక్కుతారండీ?" అని అడిగేవాడు. చెరువుగట్ల మీద చేపల బరువుతో వెళ్ళేవాళ్ళకి లోతైన గళ్ళున్న వెడల్పు టైరు, మందపాటి ట్యూబు. తుమ్మముళ్ళూ నత్తగుల్లలూ గుచ్చుకోకుండా లోపల పాత ట్యూబు ముక్క పరిచేవాడు. తారురోడ్డు మీద కాలేజీకి వెళ్ళే నాలాంటివాళ్ళకి సన్న టైరు, రాయిలా గట్టిగా గాలి. "బురదలో కాస్త గాలి తియ్యండి, జారదు. రోడ్డెక్కగానే మళ్ళీ నింపండి. మర్చిపోయారంటే ట్యూబు రిమ్ము కింద నలిగి చస్తుందండీ" అనేవాడు. అండీ అంటూనే కొట్టేలా చూసేవాడు.

మా వైపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బరువంతా వెనకే కదా అని కొత్త టైరు వెనక చక్రానికి వేయించుకుని, అక్కడ అరిగిపోయినదాన్ని ముందుకి మార్పిస్తారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందా, మావయ్య గోడకున్న కత్తి తీసి ఆ అరిగిన టైరుని కళ్ళముందే పరపరా కోసేసేవాడు. తిట్టినా, చొక్కా పట్టుకున్నా ఆగేవాడు కాదు. "వెనకది పేలితే ఆగుతారండీ. ముందుది పేలితే పడతారు. పడాలనుంటే ఇంకో షాపుకి వెళ్ళండి" అనేవాడు.

ఆయన తమ్ముడు అలాగే పడ్డాడు. గుండుగొలనులో ఉంటూ చేపలమ్మేవాడట. హైవే మీద ముందు టైరు పేలి, చేపల తొట్టెతో సహా లారీ కింద పడ్డాడు. అరిగిన ఆ టైరుని ముందుకి మార్చింది మావయ్యే. తమ్ముణ్ణి రోడ్డు మీంచి గోనెపట్టాలోకి తన చేతులతోనే ఎత్తానని నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. చెబుతూ తన అరచేతులకేసి చూసుకున్నాడు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు గాలి కొట్టించుకోవడానికి వెళ్ళాను. చేపలమ్మే మా నాన్న తొట్టె కట్టిన సైకిల్ తోసుకుంటూ పరుగున వచ్చాడు. "పాతది ముందుకెయ్యి బావా, ఐసు కరిగిపోతోంది" అన్నాడు. మావయ్య కొత్తది వెనక బిగించి, పాతది కోసేశాడు. మా నాన్న గాలిపంపు ఎత్తి ఆయన నెత్తిన కొట్టాడు. ఇంకోసారి భుజం మీద కొట్టాడు. మూడోసారి ఎత్తితే నేను అడ్డం పడ్డాను. మావయ్యకి కనుబొమ్మ పైన చీరుకుని రక్తం కళ్ళలోకి కారుతోంది. ఒక చేత్తో నుదురు నొక్కుకుని, మేకు మీంచి ఇంకో కొత్త టైరు దించి, కూర్చుని ముందు చక్రానికి ఎక్కించాడు. రక్తం టైరు గళ్ళలో పడింది. "ఇప్పుడు వెళ్ళు బావా" అన్నాడు.

ఆ రోజు నుంచి మా నాన్న ఆయనతో మాట్లాడలేదు. కోపంతో కాదు, సిగ్గుతో. సైకిల్ మాత్రం అక్కడికే తెచ్చేవాడు. స్తంభానికి ఆనించి, రోడ్డుకేసి తిరిగి బల్ల మీద కూర్చునేవాడు. మావయ్య ముందు టైరు బొటనవేలితో నొక్కి చూసి, కోయాల్సి వస్తే కోసి, కొత్తది వేసేవాడు. పదహారేళ్ళు ఇద్దరూ ఇలాగే గడిపారు. మా నాన్న ఇవాళ్టికీ బతికి ఉన్నాడంటే ఆ బొటనవేలి పుణ్యమేనని నా నమ్మకం. బడిలో పిల్లల సైకిళ్ళ ముందు టైర్లు నొక్కి చూసే అలవాటు నాకు ఆయన నుంచే వచ్చింది.

పోయిన నెల మావయ్యని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తే, తన జబ్బు సంగతి ఎత్తలేదు. "మీ నాన్న ముందు టైరు చూశావా అమ్మాయ్? దారాలు బయటపడ్డాయి. నేనేమో ఇక్కడ పడుకున్నాను" అన్నాడు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. "ఒక్కసారి వెళ్ళి పలకరించు నాన్నా."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళనే?"

చేతిలో ఉన్న గిన్నె గోడకేసి కొట్టాను. "కొట్టడానికి చెయ్యి లేచింది కదా, ఒక్క మాట అనడానికి నోరు రాదా?" అని అరిచాను. నాన్న వెళ్ళలేదు. మనిషి పోయేదాకా వెళ్ళలేదు.

సమాధుల దొడ్డికి తీసుకెళ్ళే ముందు పెట్టెని కాసేపు షాపు ముందు దించారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక మా నాన్న సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు. పెట్టెలో మావయ్య నుదుటి మీద ఆ మచ్చకేసి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత షాపులోకి వెళ్ళి, గోడకున్న కత్తి తీసుకుని బయటికొచ్చాడు. జనం వెనక్కి తగ్గారు. ఎవరో చెయ్యి పట్టుకుంటే విదిలించేసి, తన సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని ముందు టైరులో కత్తి దించాడు. ఒకే కోతకి తెగలేదు. మూడు కోతలు పట్టింది.

"కోశాను బావా" అన్నాడు.

సమాధి దగ్గర్నుంచి నాన్న ఎవరి బండీ ఎక్కలేదు. గట్టు మీద సైకిల్ నడిపించుకుంటూ ఇంటికి బయల్దేరాడు. చక్రం తిరిగినప్పుడల్లా తెగిన టైరు నేలని చెళ్ళున కొడుతోంది. నాన్న కనుమరుగయ్యాక కూడా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది.