కప్పల నీళ్లలో అత్త చెయ్యి

మా మేనత్త చేతుల మీద తెల్లమచ్చలు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేటప్పటికే అవి మోచేతుల దాకా వచ్చాయి. ఆ చేతులతోనే నాకు సంగటి ముద్ద చేసి పెట్టేది గనుక, పెద్దవాళ్ల చేతులు రెండు రంగుల్లో ఉంటాయని చాలాకాలం నమ్మాను. బొల్లి అన్న మాటా, ఆ మాట వెనకనున్న భయమూ తర్వాత తెలిశాయి. ఆ భయంతోనే అత్తగారింటివాళ్లు ఆమెను బేతంచెర్లలోని మా ఇంటికి పంపేశారు. ఆమె మా నాయనకు అక్క. ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. వాకిలి దాటితే మాత్రం చేతులు కొంగులో దాచుకునేది.

శ్రావణంలో మా అక్క పెళ్లి కుదిరింది. మగపెళ్లివారిది పత్తికొండ. వాళ్లు అత్తను ఇంకా చూడలేదు. పెళ్లి అయ్యేదాకా ఆమెను కడపలో చిన్నాయన ఇంట్లో ఉంచాలని మా నాయన నిర్ణయించాడు. మచ్చలు అంటుకుంటాయని వియ్యాలవారు జంకవచ్చు, వంశంలో ఉన్నాయని సంబంధమే వదులుకోవచ్చు అన్నది ఆయన వాదం. అక్కను ఎత్తుకొని పెంచిన అత్త ఆ మాటకు సరేనని, చేటలోని బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నన్ను బాధపెట్టింది ఆ సరే.

అప్పుడు నేను కర్నూలులో బి.యస్సీ. చదువుతున్నాను. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక ఖాళీపడిన గదుల్లో ఒకటి నాకు దొరికింది. సాయంత్రాలు కళాశాల వాదపోటీలకు సిద్ధమయ్యేవాణ్ణి. ఎదుటివాడి వాదంలో నిరూపణ లేని వాక్యాన్ని పట్టుకోవడమే అక్కడ నేర్చుకున్న విద్య. మా నాయన వాదంలో అలాంటివి రెండున్నాయని నాకు గట్టి నమ్మకం.

పెళ్లికి ముందు, ఒక మధ్యాహ్నం, జంతుశాస్త్ర అధ్యాపకుడు మాకొక ప్రయోగం చూపించారు. మేక మెదడు మధ్యనుంచి జొన్నగింజంత గ్రంథిని తీసి, నూరి, ఇంకా కాళ్లు రాని కప్పపిల్లలు, అంటే తోకకప్పలున్న గాజుజాడీలో కలిపారు. కాసేపటికి ఆ నల్లని పిల్లలు పాలిపోయి, లోపలి పేగులు కనబడేటంత పలచబడ్డాయి. మంచినీళ్లలోకి మారిస్తే మళ్లీ నల్లబడ్డాయి. చర్మకణాల్లో పరుచుకొని ఉండే నల్లని రేణువులు ఆ రసం తగలగానే నడుమకు ముడుచుకుంటాయనీ, ఆ పని చేసే పదార్థాన్ని విదేశంలో ఈమధ్యనే విడదీసి మెలటోనిన్ అని పేరు పెట్టారనీ ఆయన చెప్పారు. మనిషికీ అదే గ్రంథి ఉందా అని అడిగాను. ఉందన్నారు. అయితే మన చర్మం ఎందుకు మారదని మళ్లీ అడిగాను.

“పదార్థం ఉంటే సరిపోదు, దాన్ని అందుకునే చోటు కణంలో ఉండాలి. దాన్ని గ్రాహకం అంటాం. కప్ప చర్మంలో ఉన్నట్టుంది, మన చర్మంలో లేనట్టుంది. మన ఒంట్లో ఇంకెక్కడ ఉందో, అక్కడేం చేస్తుందో ఎవరూ తేల్చలేదు,” అన్నారు.

పెళ్లి పనులకని ఇంటికి వచ్చి, ఈ సంగతి వంటింట్లో ఉత్సాహంగా వర్ణించాను. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు. మర్నాడు పెరట్లో నన్ను పక్కకు పిలిచింది.

“ఆ నీళ్లు నాకు పనికొస్తాయేమో చూడరా అబ్బయ్యా.”

“అవి తెలుపు చేస్తాయత్తా, మచ్చలు మాన్పవు,” అన్నాను.

“మాన్పమని ఎవరడిగినారు? మిగిలింది గూడా తెల్లగయితే సాలు. నల్లగుంటే నల్లగ, తెల్లగుంటే తెల్లగ. ఏదో ఒక రంగుంటే పిల్ల పెండ్లి సూస్తా గదా.”

ఆ కోరికను నేను ఎన్నడూ ఊహించలేదు. మన చర్మానికి ఆ గ్రాహకం లేనట్టుందని అధ్యాపకుడు చెప్పినది చెప్పాను. లేనట్టుందంటే లేదనా అని నిలదీసింది. నా విద్యతో నన్నే పట్టుకుంది. చూస్తే గాని తెలియదని ఒప్పుకోక తప్పలేదు.

బండల గనుల గుంతల్లో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. అక్కడినుంచి చెంబు నిండా తోకకప్పలను పట్టుకొచ్చాను. మేకతలకాయ అత్తే తెప్పించి, కూరకని అందరికీ చెప్పింది. గ్రంథిని వెతకడానికి నేను తంటాలు పడుతుంటే, ఈ చదువుకు మీ నాయన దుడ్లు దండగని పక్కన కూర్చొని సాధించింది. చివరకు దొరికింది. నూరి కలిపి, తోకకప్పలతో సహా వెడల్పు మూతి గాజు సీసాలో పోశాను. తోకకప్పలు పాలిపోవడం మొదలుకాగానే అత్త తన వేళ్లను నీళ్లలో ముంచి కదలకుండా కూర్చుంది. పిల్లలన్నీ గాజులా మారి ఆమె వేళ్ల చుట్టూ తిరిగాయి. వేళ్లు మాత్రం ఉన్న రంగుల్లోనే ఉన్నాయి. పొద్దు వాలి నీళ్లు చల్లారిన కాఫీ రంగుకు వచ్చేదాకా ఆమె తీయలేదు.

 ఆమె చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుంది.

“కప్పకు ఇనబడే మాట నాకు ఇనబడదంట. పోనీలే. వాటిని గుంతలో ఇడిసిరాపో, పాపం, వాటి రంగు వాటికి రానీ.”

రెండు రోజుల తర్వాత పెళ్లికొడుకు తల్లి చీరల సంగతి మాట్లాడడానికి వచ్చింది. అత్తను అప్పటికింకా రైలెక్కించలేదు, గదిలో ఉండమన్నారు. నాయన కుశలప్రశ్నలు వేస్తుండగా, అత్త చేతులు కప్పుకోకుండా రెండు మజ్జిగ గ్లాసులు పట్టుకొని మేమంతా కూర్చున్న పడసాలలోకి వచ్చింది.  పెళ్లికొడుకు తల్లి గ్లాసు అందుకుంది గాని పెదవికి తాకించలేదు. చూపు చేతుల మీదే నిలిచింది.

“ఇది అంటుతాదా వదినా?” అని మెల్లగా అడిగింది.

“మావోణ్ణి అడుగు. వాడు కప్పల దగ్గర గూడా సదువుకోనొచ్చినాడు,” అంది అత్త.

అందరూ నావైపు తిరిగారు. అంటదని, ఆ చేతి ముద్దలతోనే పెరిగానని చెప్పాను. వంశంలో వస్తాదా అన్నది ఆమె రెండో ప్రశ్న. నాయన కళ్లు రాదనమని ఆజ్ఞాపిస్తున్నాయి. రాదంటే పెళ్లికి అడ్డు ఉండదు. కానీ నాయన వాదంలో నేను పట్టుకున్న రెండో వాక్యానికి నా దగ్గర ఖండన లేదని నాకు అప్పుడే తెలిసింది.

“కొన్ని ఇండ్లలో వస్తుందంటారు. మా ఇంట్లో అత్తకు తప్ప ఎవరికీ రాలేదు. రాదని రాసివ్వలేను,” అన్నాను.

నాయన తల దించుకున్నాడు. పెళ్లికొడుకు తల్లి గ్లాసెత్తి మజ్జిగంతా తాగేసింది.

“సంబంధం మాట్లాడేకాడ తెలీదని చెప్పినోన్ని ఇప్పుడే సూస్తాండా. మా ఇంట్లో మాత్రం దాసుకునేవి లేవా ఏంది? ఇంగో గలాసు పొయ్యి వదినా, ఉప్పు సరిగ్గా ఉండాది.”

ఆమె వెళ్లాక నాయన నావైపు చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. అత్త మాత్రం నన్ను వంటింట్లోకి లాగి, రవ్వంత అబద్ధమాడితే నీ నోరు పడిపోయేదా అని తిట్టి, తిడుతూనే కంచంలో రెండో ముద్ద వేసింది. పొద్దుగూకే వేళకు నాయన వంటింటి గడపదాకా వచ్చి నిలబడ్డాడు. కడప ప్రస్తావన తేలేదు.

“పసుపు దంచేకి ఎవరెవర్ని పిలవల్లో నువ్వే చెప్పు అక్కా,” అన్నాడు. “మొదటి రోకటి పోటు నువ్వెయ్యల్ల గదా.”