రెహానా మేడమ్ తోలు హోల్‌స్టర్

సింగపూర్ బెడోక్‌లో మా బ్లాకు కింద చెప్పులు బాగుచేసే ముసలాయన ఒకరు కూర్చుంటారు. మొన్న వాన వెలిసిన సాయంత్రం ఆయన ముందునుంచి నడుస్తుంటే, తడిసిన తోలు, నల్ల పాలిష్ కలిసిన వాసన గుప్పుమంది. ఆయన ఒక బూటును ఒళ్లో పెట్టుకుని గుడ్డతో రుద్దుతున్నారు. చేతిలో కూరగాయల సంచితో అక్కడే ఆగిపోయాను. ఏమైనా కుట్టాలా అన్నట్టు ఆయన తలెత్తి చూశారు. నవ్వేసి ముందుకు కదిలాను. నా మనసులో మెదిలింది బూట్లు కావు. మా రెహానా మేడమ్.

నాది సాయుధ కాపలా ఉద్యోగం. బ్యాంకుల డబ్బు, నగల పెట్టెలు తీసుకెళ్లే వ్యాన్ల వెంట మేముంటాం. తుపాకీ దగ్గర ఉంచుకోవడమే పెద్ద నేరమైన ఈ దేశంలో, మాలాంటి కొద్దిమందికి డ్యూటీ ఉన్నంతసేపు నడుముకు రివాల్వర్ ఉంటుంది. డ్యూటీ దిగగానే దాన్ని ఆయుధాల గదిలో అప్పగించి, అందరిలాగే ఎంఆర్‌టీ రైలెక్కి ఇంటికి పోతాం. నేను చేరిన కొత్తలో మాకు తుపాకీ పట్టుకోవడం నేర్పింది రెహానా మేడమ్. హైదరాబాదులో పుట్టి, పెళ్లయ్యాక సింగపూర్ వచ్చి, చోవా చూ కాంగ్‌లో కాపురం పెట్టి, పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక ఈ ఉద్యోగంలో చేరారట. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. తలకు నల్ల స్కార్ఫ్, ముక్కుమీద ఎప్పుడూ జారుతుండే కళ్లద్దాలు. మొదటిరోజు నా పేరు చదివి ఆగి, "సుధారాణి... తెలుగుపిల్లవా నువ్వు?" అన్నారు. అవునన్నాను. "అయితే నిన్ను రెండు భాషలల్ల తిట్టొచ్చు" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. నా గుళ్లు గురికి ఎడంగా పోయినప్పుడల్లా ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించేవారు. ముగించాక జేబులోంచి అల్లం బిళ్ల తీసి చేతిలో పెట్టేవారు.

ఆవిడ నడుముకు రివాల్వర్ దోపుకునే తోలు హోల్‌స్టర్ ఉండేది. మా అందరికీ కంపెనీ ఇచ్చినవి అవే అయినా ఆవిడది వేరుగా కనిపించేది. ఏళ్లతరబడి పాలిష్ పట్టి పట్టి, అది చింతగింజలా నిగనిగలాడేది. డ్యూటీ అయ్యాక మేమంతా లాకర్లు మూసి పరుగులు తీస్తుంటే, ఆవిడ బెంచీమీద కూర్చుని దాన్ని పొడిగుడ్డతో తుడిచేవారు. వానకు తడిస్తే ఫ్యాను కింద ఆరబెట్టేవారు, ఎండలో పెట్టనిచ్చేవారు కాదు. "ఎండకు పెడితే పగుల్తది బేటా. తోలు కూడా ఒకప్పటి చర్మమే గద" అనేవారు. రివాల్వర్ అందులోకి జారేటప్పుడు చప్పుడే ఉండేది కాదు.

మా అమ్మకు మాత్రం నా ఉద్యోగమంటే భయం. మా నాన్న షిప్‌యార్డు పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి వుడ్‌ల్యాండ్స్‌లో స్థిరపడ్డారు. నేను బ్యాంకులో గుమస్తా అవుతానని అమ్మ ఆశ. బ్యాంకు డబ్బుకు కాపలాదారునయ్యాను. ఈ భయం గురించి ఓసారి మేడమ్‌తో అంటే, ఆ ఆదివారమే మా ఫ్లాట్‌కి వచ్చారు. అమ్మ కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, దాచుకోకుండా అడిగేసింది.

"ఆడపిల్లకి తుపాకీ ఎందుకండీ? ఎవడైనా అదే లాక్కుని దీన్నే కాల్చేస్తే?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మేడమ్ మాత్రం ఆ ప్రశ్నకు తల ఊపారు. "మంచి సవాలడిగిన్రు అమ్మా. నేను గూడ ఆ భయంతోనే నేర్పిస్త. మీ బిడ్డ తుపాకీ ఇంకొకరి చేతిలకు పోనియ్య. మాట ఇస్తున్న" అన్నారు. ఆవిడ వెళ్లేటప్పుడు అమ్మ డబ్బానిండా జంతికలు కట్టి ఇచ్చింది.

కొన్నాళ్లకు కంపెనీ కొత్తరకం హోల్‌స్టర్లు తెప్పించింది. గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసినట్టుండే నల్లటివి. రివాల్వర్ లోపలికి దిగగానే టక్కుమని చప్పుడు చేసి పట్టేసుకునేది. మళ్లీ బయటికి రావాలంటే లోపలివైపు ఉన్న చిన్న మీటను బొటనవేలితో గట్టిగా నొక్కాలి. రెండురకాలూ కొన్ని వారాలు వాడి చూసి, అందరికీ ఏది ఉంచాలో చెప్పమని మా మేనేజర్ లిమ్ గారు మేడమ్‌ని అడిగారు. ఆవిడ మమ్మల్ని అడిగారు. కుర్రాళ్లు ప్లాస్టిక్‌కే చేతులెత్తారు, చూడ్డానికి బావుందని. నేను తోలు అన్నాను.

"ఎందుకు?"

"మీరు పెట్టుకునేది అదే కదా మేడమ్."

"నా నడుము, నీ నడుము ఒకటేనా? నేను తిన్నదంత నువ్వు తిన్నవా?" అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "వాడి చూడు. వానల తిరుగు, వ్యానుల కూసో, ఉరుకు. అప్పుడు చెప్పు."

వాడి చూశాను. తోలు ఒంటికి ఒదిగేది, వ్యాన్‌లో కూర్చుంటే ఉన్నట్టే తెలిసేది కాదు. కానీ ఇక్కడి ఉక్కకు, వానకు అది చెమట పీల్చి వదులయ్యేది. రివాల్వర్ తీశాక దాని నోరు ముడుచుకుపోయి, తిరిగి పెట్టడానికి రెండోచెయ్యి వెతుక్కోవలసి వచ్చేది, కళ్లు దించి చూడవలసి వచ్చేది. ప్లాస్టిక్‌ది ఎంత వానకైనా అలాగే ఉండేది, నోరు తెరుచుకునే ఉండేది, ఎదుటిమనిషి మీంచి చూపు తిప్పకుండా ఒక్కచేత్తో పెట్టేయవచ్చు. అయితే కూర్చున్నప్పుడు రివాల్వర్ పిడి నా పక్కటెముకల్లో పొడిచేది. సాయంత్రానికి అక్కడ కమిలిపోయేది. అదే చెప్పాను. ఆవిడ విని, "ఇది జవాబు" అన్నారు.

తరువాత ఒక ఉదయం శిక్షణగదిలో పరుపులు పరిచి, మా నడుములకు నీలంరంగు ఉత్తుత్తి తుపాకులు కట్టారు. ఒకరు లాక్కోవాలి, ఒకరు కాపాడుకోవాలి. ప్లాస్టిక్‌ది పెట్టుకున్నవాళ్ల దగ్గర ఎంత పెనుగులాడినా బయటికి రాలేదు. చివరికి మేడమ్ తన పాత తోలుదానితో పరుపు మధ్యకు వచ్చి నన్ను పిలిచారు.

"గుంజుకో."

నేను వెళ్లి పిడి పట్టుకున్నాను. లాగాను. రాలేదు.

"సుధా, నువ్వు మర్యాదగ గుంజుతున్నవు. దొంగకు మర్యాద ఉంటదా? నన్ను మర్చిపో."

ఈసారి ఆవిడ చేతిని పక్కకు తోసి, ఒంటిబలమంతా వేసి లాగాను. పిడిమీదుగా గుండీతో బిగించే పట్టీ టప్పుమని ఊడింది. తుపాకీ నా చేతిలోకి వచ్చేసింది. ఏళ్లు వాడి మెత్తబడిన ఆ పట్టీ అసలు అడ్డే పడలేదు. నాకు ఆ తుపాకీ వెంటనే ఆవిడ చేతిలో పెట్టేయాలనిపించింది. ఆవిడ కళ్లద్దాలు సరిచేసుకుని, ఊడిన పట్టీని వేళ్లతో నిమిరి చూసుకున్నారు. "శభాష్" అన్నారు నాతో. తరువాత అందరివైపూ తిరిగి ఇంగ్లీషులో, "చూశారుగా. ఇంకా ఎవరికైనా అనుమానముందా?" అన్నారు.

ఆవిడ తీర్పు ప్లాస్టిక్‌కే అని అప్పుడే అర్థమైంది. అది ఆవిడకేం నష్టమో మాత్రం వారం తరువాతగానీ తెలియలేదు. కొత్త హోల్‌స్టర్‌తో అందరం అభ్యాసం చేస్తున్నాం. మేడమ్ మీట నొక్కారు, బొటనవేలు జారింది. మళ్లీ నొక్కారు. పెదవి బిగపట్టారు. మూడోసారి రివాల్వర్ బయటికి వచ్చేసరికి మిగతావాళ్లం కాల్చేశాం. అప్పుడు చూశాను ఆ వేలి మొదలు. కణుపు వాచి, వేలు వంకర తిరిగి ఉంది.

మధ్యాహ్నం తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల మాదేనని చోప్ చేసి, ఆవిడకు టీ తెచ్చాను. ఆవిడ గ్లాసును రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని ఎత్తారు. ఆవిడ రోజూ అలాగే తాగేవారు. చలికాచుకున్నట్టు అదొక అలవాటనుకునేదాన్ని.

"ఎప్పటినుంచి మేడమ్?"

"చానా దినాలాయె. కీళ్లవాతమన్నడు డాక్టర్."

"తోలుదైతే తాకితే ఊడేది కదా. అందుకే తెలియలేదు మాకు."

"నాకు గూడ అంతగా తెల్వలే" అని నవ్వారు. "పాతది మంచిగ సాకింది నన్ను."

"లిమ్ గారికి చెప్పండి. మీ ఒక్కరికీ పాతదే ఉంచుకోనిస్తారు. ఇన్నేళ్ల సర్వీసు మీది, కాదనరు."

ఆవిడ గ్లాసు దించారు. "వ్యాను దిగినంక నా పక్కన ఎవరు నిలబడ్తరు?"

"నేనే."

"నా తుపాకీ గుంజుకున్నోడు నన్ను కాల్చి ఊకుంటడా? నీదిక్కు తిరగడా? మీ అమ్మ జంతికలు తిన్న నేను. ఆమెకేం చెప్పాలె?"

ఆవిడ నా ప్లేట్లో చేప ముక్క చూపించి, "తిను, చల్లారుతున్నది" అన్నారు.

తన సంగతి అడగని మనిషి, మా సంగతికి మాత్రం పోట్లాడారు. ఆడవాళ్లకు పిడి గుచ్చుకోకుండా హోల్‌స్టర్‌ను నడుముకు కిందగా వేలాడదీసే పట్టీ కావాలని అడిగారు. అలవాటైపోతుందిలే అన్నారు లిమ్ గారు. మేడమ్ వాదించలేదు. ఆయన బెల్టుకు హోల్‌స్టర్ తగిలించి, అందులో ఉత్తుత్తి తుపాకీ పెట్టి, బాగా పైకి బిగించి, రండి సార్ అలా తిరిగొద్దాం అని వ్యాన్ ఎక్కించారు. నేనూ ఎక్కాను. మొదటి మలుపుకే ఆయన ముఖం మారింది. తిరిగొచ్చి దిగబోయి, పక్కటెముకలు పట్టుకుని, ఇక్కడివాళ్ల 'లా' యాసలో, "రెహానా, నన్ను కాస్త లేపు లా, లేవలేకపోతున్నా" అన్నారు. ఆవిడ చెయ్యి అందించి, ఎంతో గౌరవంగా, "అలవాటైపోతుంది సార్" అన్నారు. ఆ నెలలోనే కింది పట్టీలు వచ్చాయి.

ఆ ఏటి తుపాకీ పరీక్షలో మేడమ్ తప్పారు. గురి తప్పి కాదు. హోల్‌స్టర్‌లోంచి తీయడంలో ఆలస్యమైంది. ఆ తరువాత ఆవిడకు తుపాకీ ఇవ్వలేదు. తరగతిగదిలో పాఠాలు మాత్రం చెప్పేవారు. బెల్టు లేకుండా తిరగడం కొన్నాళ్లు ఇబ్బందిగా ఉండేదనుకుంటాను. నడుస్తూ నడుస్తూ కుడిచెయ్యి నడుముకు కాస్త ఎడంగా పట్టుకునేవారు, అక్కడింకా ఏదో ఉన్నట్టు. నేనోసారి అది గమనించడం చూసి, "ఏంది చూస్తున్నవ్? సన్నబడ్డనా?" అన్నారు. పదవీ విరమణయ్యాక హైదరాబాదులో చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయారు. వేడినీళ్ల కాపడంతో చెయ్యి కాస్త నయమేనంటారు.

ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పేది నేను. ఈమధ్య కంపెనీ గుళ్లు ఆపే చొక్కాలు మార్చాలనుకుని, రెండురకాలు తెప్పించి నన్ను అడిగింది. ఒకటి పల్చగా, తేలిగ్గా ఉంది. దాన్ని తొడుక్కుని ఎండలో తిరిగితే ప్రాణం హాయిగా ఉంది, నా కొలతకే కుట్టినట్టుంది. నా దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో భారీగా ఉన్న ఇద్దరికి తొడిగి చూస్తే మాత్రం చంకల కింద అరచెయ్యంత ఖాళీ మిగిలింది. రెండోది బరువు, ఉక్క, కానీ అందరికీ పక్కలు కప్పుతుంది. బరువుదే కావాలని రాసిచ్చాను. ఇప్పుడు రోజూ దాన్ని మోస్తున్నాను, రోజూ విసుక్కుంటున్నాను.

మొన్న ఆ వాన సాయంత్రం ఇంటికి చేరగానే మేడమ్‌కి ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను.

"చెమట పడుతున్నదా?" అన్నారు.

"ఒళ్లంతా మేడమ్. నన్ను నేనే తిట్టుకుంటున్నాను."

"రెండు భాషలల్లనా?" అని, ఫోన్‌లో చాలాసేపు నవ్వారు.