టీవీ పెట్టెలో జెర్రిపోతు

బాల్కనీలో తొట్ల కోసం తెచ్చిన కొబ్బరి పొట్టు మీద నీళ్లు చల్లగానే గుప్పున తడి వాసన లేచింది. అంతే, అమలాపురం దగ్గర మా ఊళ్లో, ముసురు పట్టిన వెనక వరండాలో, పాము పెట్టె ముందు గొంతుక్కూర్చున్న పిల్లనైపోయాను.

ఆ ఏడు కార్తీకంలో, ఆనపపాదు చుట్టూ కోళ్లు రాకుండా కట్టిన పాత వలలో ఒక జెర్రిపోతు చిక్కుకుంది. ఇరుగుపొరుగు కర్రలు పట్టుకొచ్చేలోగా, బళ్లో సైన్సు మాస్టారైన మా నాన్న దాన్ని తువ్వాలుతో పట్టుకుని, వల దారాలు ఒక్కొక్కటీ కత్తెరతో కత్తిరించారు. అప్పటికే దారం దాని ఒంటిని కోసేసింది. ఈ గాయంతో వదిలేస్తే చీమలు పట్టి చచ్చిపోతుంది, మానేదాకా ఇంట్లో ఉంచుదామన్నారు. విషం లేనిదే, కానీ పామే కదా!

"పాముని ఇంట్లో పెట్టుకునే క్రైస్తవులు ఎక్కడైనా ఉన్నార్రా? ఏదెను తోటలో అది చేసిన నిర్వాకం చాల్లేదా?" అని నానమ్మ లబలబలాడింది.

నెలాఖరు కావడంతో పెట్టె కొనే ఊసే లేదు. అటక మీంచి పాత చెక్క టీవీ దిగింది. దాని లోపలి సరంజామా అంతా ఊడబీకి, వెనక అట్టకి కాల్చిన ఊచతో చిల్లులు పొడిచి, అడుగున కొబ్బరి పొట్టు పరిచి, దాక్కోవడానికి పగిలిన కుండ బోర్లించి, నీళ్లకి జాడీ మూత పెట్టి, ముసురుకి చలేస్తుందేమోనని పాలపొడి డబ్బాలో చిన్న బల్బు బిగించాం. ముందువైపు అద్దం ఒక్కటే తక్కువ. నాన్న చూపు గోడ మీదకి వెళ్లడం అమ్మ కనిపెట్టేసింది.

"మన పెళ్లి ఫొటో అద్దమాండీ! పాముకా?"

"మానగానే మళ్లీ బిగించేస్తాలేవే."

పశువుల డాక్టరుగారిచ్చిన మందు రాశాం. కప్పని పెడితే ముట్టలేదు. నాగుల చవితికి పక్కింటి సోమిదేవమ్మగారు చిమ్మిలి, చలివిడి ఆకులో పెట్టుకుని, పాలగ్లాసుతో మా వరండా ఎక్కారు.

"పుట్టదాకా బురదలో నడవలేనండి మాస్టారూ, ఇక్కడే పోసేసుకుంటాను."

"ఆయ్, పాలు దానికి పడవండీ."

"అలాగాండీ? అయితే పిల్లకి పట్టండి."

నేను తాగేశాను. చలివిడీ తిన్నాను. పాము మాత్రం ఏమీ తినక, కళ్ల మీద తెల్లటి పొర కమ్మినట్టయి, ముట్టుకున్నా కదలడం మానేసింది. ఇక లాభం లేదేమోనని నాన్న అంటే నాకు ఏడుపాగలేదు.

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ మోకాళ్ల మీద కూర్చున్నాం. నానమ్మ ప్రార్థనంటే మాటలా? కొడుకులు, కోడళ్లు, చూడి గేదె, సోమిదేవమ్మగారి మోకాలి నొప్పి, అందరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పాలి. ఆమేన్ కోసం నా మోకాళ్లు ఎదురుచూస్తున్నాయి. నానమ్మ ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, "తండ్రీ, ఆ పెట్టెలోదాన్ని కూడా చూడు. అదీ నువ్వు చేసిందే," అంది.

కొన్నాళ్లకి పొద్దున్నే చూస్తే, కుండ అంచుకి కుబుసం వేలాడుతోంది. పాము నిగనిగలాడుతోంది, కళ్లు నల్లగా మెరుస్తున్నాయి, గాయం ఉన్నచోట సన్నటి చార మిగిలింది. కొబ్బరితోటలో వదిలాం. వెనక్కి తిరిగైనా చూడలేదు, దొంగమొహంది!

ఆ తోట ఇప్పుడు రొయ్యల చెరువు. నానమ్మా లేదు. ఉన్నన్నాళ్లూ, అదెక్కడ తిరుగుతోందో ఏం తింటోందోనని, ఆ పాముని తన ప్రార్థనలోంచి తియ్యలేదు. నేనూ రోజూ ప్రార్థన చేసుకుంటాను. పిల్లల పరీక్షలు, ఇంటి లోను, మా ఆయన బీపీ దాకా వచ్చేసరికి ఆమేన్ అనేస్తాను.