బాగా వచ్చింది

పల్లెల్లో జనాన్ని ఎలా పలకరించాలో, వాళ్ళ మాటల్ని ఎలా సేకరించాలో పరిశోధకులకు నేర్పే మా యూనివర్సిటీ కేంద్రానికి ఆయన డైరెక్టరు. ఎవరి గోడు విన్నా, చివర్లో టేపురికార్డరు ఆపి, ఫొటో చూసుకున్నట్టు "బాగా వచ్చింది" అనేవాడు.

చిలకలూరిపేట దగ్గర ఒక ఊళ్ళో, పత్తికి కొట్టాల్సిన పురుగుమందు మొగుడు తాగి చనిపోయిన సంగతంతా ఒకామె వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పింది. ఆయన ఎప్పట్లాగే "బాగా వచ్చింది" అన్నాడు. తీరా చూస్తే పాజ్ బటన్ నొక్కే ఉంది. టేపు తిరగనే లేదు.

"అమ్మా, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాలి," అన్నాడు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మళ్ళీ ఏడవమంటారా అండీ?"

"అవునమ్మా. ఇందాక అదే బాగా వచ్చింది."