నిమ్మకాయలు తొక్కించిన రోజు

1956లో నాకు పదిహేడేళ్లు. ఆళ్లగడ్డలో మా పొలాలన్నీ పోయాక, నాలుగు చక్రాలూ లాగే పాత మిలిటరీ జీపు మిగిలింది. దాన్ని నేనే బాగుచేశాను.

"ఇంజను తర్వాత, ముందు బ్రేకులు చూడప్పా" అన్నాడు నంద్యాల మెకానిక్ మస్తానన్న. ఒకరితో చెప్పించుకోవడం నాకు నామోషీ. ఇంజను పలకగానే పూజ పెట్టించాను.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నాయన టెంకాయ కొట్టి, హారతి పళ్లెంతో బండి ఎదురుగా నిలబడ్డాడు. "తొక్కించు నాయనా!" అన్నాడు సంబరంగా. నిమ్మకాయలు నలగగానే బ్రేకు తొక్కాను. పట్టలేదు. జీపు ఆయన కాలి మీదికి ఎక్కింది.

ఆయన మళ్లీ సరిగా నడవలేదు. అడిగినవాళ్లతో, "నేనే జారి పడినాలేప్పా. మావోడు బండి బాగా చేసినాడు" అనేవాడు. పోయేదాకా ఆ మాట మార్చలేదు. పక్కనే ఉండి నేనూ నిజం చెప్పలేదు.

పాత బండి బాగుచేసే పిల్లలెవరైనా ఇది చదివితే, ముందు బ్రేకులు చూసుకోండి.