జూలైలో దోసకాయ

జపాన్‌లోని హకతాలో కూరగాయలమ్మే తోకుజీకి అరవై తొమ్మిదేళ్ళు. ఏడాది పొడుగునా దోసకాయ లేనిదే ఆయనకు ముద్ద దిగదు. జూలై ఒకటి నుంచి పదిహేను దాకా మాత్రం, ఉత్సవ రథాన్ని భుజాన మోసుకుంటూ పరిగెత్తే మగవాళ్ళందరిలాగే, దాన్ని నోట పెట్టడు. అడ్డంగా కోస్తే అది అచ్చం గుడి ముద్రలా ఉంటుంది. దేవుడి ముద్రను కరకరా నమలడం మర్యాద కాదు. బేరం తప్పదు కనుక అమ్ముతాడు గానీ, ముల్లంగిలా విసిరెయ్యడు, రెండు చేతులా అందిస్తాడు.

ఈసారి డాక్టరు రథం కింద భుజం పెట్టవద్దన్నాడు. నలభై ఆరేళ్ళుగా మోసిన భుజం! ఆ మధ్యాహ్నమే భార్య ఫుజీ దోసకాయ ముక్కలు వడ్డించింది.

"ఇంక మొయ్యరుగా, తినండి. మీ పేరు దేవుడెప్పుడో కొట్టేసుంటాడు."

తింటే జట్టులో లేనని తానే ఒప్పుకున్నట్టు. తోకుజీ పళ్ళేన్ని అంగుళం అవతలికి జరిపాడు.

అంతలో వీధి జట్టు పెద్ద ఇసోమురా చెమటలు కక్కుతూ వచ్చాడు. "బాబాయ్, మనవాడొకడు శాండ్‌విచ్ కొరికాడు. లోపల దోసకాయ! ఉమ్మేశానంటాడు. రథం ముట్టుకోనివ్వాలా, వద్దా?"

"మింగలేదుగా? నోరు కడుక్కుని గుళ్ళో దణ్ణం పెట్టి రమ్మను."

"ఇంత చిన్నదానికి ఈయనెందుకయ్యా? కమిటీ లేదూ?" అంది ఫుజీ.

"కమిటీయే పంపింది పిన్నీ. బాబాయ్ మాటే రూలంది."

అతను వెళ్ళాక తోకుజీ గొంతు సవరించుకున్నాడు.

"ఆ పళ్ళెం తీసెయ్యవే. తీర్పు చెప్పేవాడి వంటింటి మీద ఊరందరి కన్నూ ఉంటుంది."