యాభైలో ఒక పొట్టి గొట్టం

మా ఆర్మరర్ సారు పోయారని కుప్పం నుంచి నా పాత రూమ్మేట్ పొద్దున్నే ఫోన్ చేసింది. పోలీసు తుపాకులను బాగుచేసి కాపాడే ఉద్యోగిని ఆర్మరర్ అంటారు. సారు రిటైరై పుంగనూరులో ఉండేవారు. గుండెనొప్పి వచ్చిందట, ఆసుపత్రి దాకా కూడా పోలేదట. అదంతా చెప్పి, "నా కుడికన్ను ఆయప్ప పెట్టిన భిక్షే గదా" అంది. నేను ఊఁ అన్నాను. సారు పోయిన దుఃఖం ఒకటైతే, ఆ మాట విన్నాక పట్టుకున్న భయం ఇంకొకటి. ఆ కంటికి ముప్పు ఎవరివల్ల వచ్చిందో తెలిసిన ఇద్దరిలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

అప్పట్లో మేమిద్దరం కొత్త కానిస్టేబుళ్లం. మదనపల్లె బయట గుట్ట కింద ఏటా ఫైరింగ్ ప్రాక్టీసు జరిగేది. మీలో తుపాకి ముట్టుకున్నవాళ్లు తక్కువే ఉంటారు కాబట్టి చెబుతున్నాను. వరుసకు పదిమంది పడుకుని తలా ఐదు రౌండ్లు, అంటే ఐదు తూటాలు, కాల్చాలి. కాల్చాక బయటపడే ఇత్తడి గొట్టాలను ఎంప్టీలు అంటాం. వాటిని ఏరి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా విచారణే. గురి తప్పుతుందన్న భయం కంటే మాకు ఆ లెక్క భయమే ఎక్కువ.

నా ఐదో రౌండు పేలాక, తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టును వెనక్కి లాగితే చేతికి ఏదో తేడాగా తగిలింది. బయటపడిన ఎంప్టీ పొట్టిగా ఉంది, అంచు చిరిగి ఉంది. అప్పుడే చెయ్యెత్తి చెప్పాల్సింది. వారం కిందటే పరేడులో తిట్లు తిన్నాను, ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. తుపాకి పాడుచేశానంటారేమోనని పొట్టిదాన్ని మిగతా నాలుగింటి మధ్య పిడికిట్లో దాచి డబ్బాలో వదిలేశాను. లెక్క యాభై, సరిపోయింది. తుపాకి లోపలికి చూసినవాళ్లకూ అనుమానం రాలేదు. విరిగిన ముందు సగం లోపలి గోడకు అతుక్కుపోయినా మధ్యలోంచి వెలుతురు కనబడుతూనే ఉంటుంది మరి. ఆ తుపాకి తర్వాతి వరుసలో నా రూమ్మేట్ చేతికి వెళ్లింది.

సారుకు లెక్క మీద నమ్మకం లేదు. "లెక్క నోటిది, నిలబెట్టి సూసేది కంటిది" అనేవారు. డబ్బాను కంబళి మీద కుమ్మరించి, ఎంప్టీలన్నిటినీ బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా వరుసగా నిలబెట్టేవారు. ఆయన చాదస్తం చూసి మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆ రోజూ అలాగే నిలబెడుతూ ఉన్నట్టుండి అరిచారు. ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి విన్నాను.

"ఆపండి. ఎవురూ బోల్టు ముట్టుకోవద్దు."

నా రూమ్మేట్ అప్పటికే మొదటి రౌండు పెట్టింది. అది సగం దూరి ఇరుక్కుంది. బోల్టును అరచేత్తో గట్టిగా కొడదామని చెయ్యెత్తింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "సార్, ఇది లోపలికి పోలేదు సార్" అంది పాపం. కొట్టి ఉంటే, బోల్టు పూర్తిగా మూసుకోకముందే ఆ రౌండు పేలి ఉంటే, కుడికన్ను పోయేదే. గురిచూసే కన్ను దానికి జానెడు దూరంలో ఉంది.

సారు ఆమెను లేపి పక్కకు పంపారు. తుపాకి మూతి గుట్టవైపే ఉంచి ఇరుక్కున్న రౌండును నెమ్మదిగా బయటికి తీశారు. ఆ రైఫిళ్లు మధ్యాహ్నానికి కుప్పం బందోబస్తుకు వెళ్లాలి. ఆఫీసరు గడియారం చూసుకుంటూ, "స్క్రూడ్రైవరు పెట్టి పొడిచెయ్యప్పా" అన్నాడు.

"గీత పడితే తుపాకి సచ్చేదాకా మరిసిపోదు సార్. సల్లారనీండి" అన్నారు సారు.

నీడలో చల్లారబెట్టి, నూనె చుక్కలు వేసి, గట్టి బ్రష్షు ఒకటి దూర్చి వెనక్కి లాగారు. రాలేదు. మళ్లీ నూనె వేసి కూర్చున్నారు. రెండోసారీ రాలేదు. మూడోసారి బ్రష్షు ముళ్లను పట్టుకుని ఇత్తడి ముక్క బయటికి వచ్చింది. దాన్ని పొట్టిదాని మీద పెడితే అచ్చంగా అతికింది. రెంటినీ దారంతో కట్టి, వరుసలో నిలబెట్టి, నా వైపు తిరిగారు.

"దీన్ని ముందర కాల్చింది నువ్వే గదమ్మా. ఏమన్నా తెలిసెనా?"

"లేదు సార్."

ఆయన ఇంకేమీ అడగలేదు. పాత తూటా, ఇత్తడి విరిగింది అని రాశారు. అది నిజమే.

రిటైరయ్యాక పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న గదిలో టమాటా రైతుల మందు పంపులు బాగుచేసేవారు. ఇరుక్కున్న నాజిల్‌ను పీకబోయే రైతుతో, "గుంజొద్దప్పా, దాన్ని కొంచేపు ఇడువు" అనేవారు. ఒకసారి నేను ధైర్యం చేసి ఆయనకు నిజం చెప్పేశాను.

"ఆ పొద్దే తెలుసు. అందురూ అరచెయ్యి తెరిసి ఎంప్టీలు పోస్తిరి. నువ్వొకదానివే పిడికిలి డబ్బాలో పెట్టి ఇడిస్తివి."

"మరి యాల అడగలేదు సార్?"

"అడిగితిని గదమ్మా. నువ్వు లేదంటివి." టీ గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ కూర్చున్నారు. "నాకు చెప్పి ఏం లాభం? పొయ్యేది నా కన్ను కాదు. ఆయమ్మకి చెప్పు. చెయ్యెత్తితే సిగ్గు ఒగ పూటే."

తర్వాత వెళ్లిన ప్రతిసారీ పంపు మీది నుంచి తలెత్తకుండానే, "చెప్తివా?" అని అడిగేవారు. లేదనేదాన్ని. "సరే, టీ తాగు" అనేవారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన అడగడం మానలేదు, నేను వెళ్లడమూ మానలేదు. నన్ను అంత ఓపిగ్గా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు. ఇప్పుడు కొత్త కానిస్టేబుళ్లకు నేను నేర్పే మొదటి పాఠం ఆయన చెప్పిన ఆ ఒగ పూట సిగ్గే.

మదనపల్లె నుంచి నేను బస్సులో పుంగనూరు వెళ్లేసరికి నా రూమ్మేట్ కుప్పం నుంచి వచ్చేసింది. షామియానా కింద సారును పడుకోబెట్టారు. గోళ్ల సందుల్లో నూనె నలుపు ఇంకా పోలేదు. ఇక నన్ను అడిగేవాళ్లు లేరు. అడగకపోతే నేను ఎప్పటికీ చెప్పనని నాకు తెలుసు. ఆమె పక్కన నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఆ పొద్దు ఎంప్టీ విరిగింది నేను సూసినాను. నేనే దాచి పెట్టినాను."

ఆమె సారు ముఖం వైపు చూసింది. తర్వాత, "ఆయప్పకి తెలుసునా?" అంది.

"తెలుసు. నీకు చెప్పమని పోయేదాకా అడగతానే ఉండె."

ఆమె కుడి అరచేత్తో కుడికన్ను మూసుకుంది. మిగిలిన ఆ ఒక్క కంటితోనే నన్ను చూస్తూ నిలబడింది. పాడె లేపుతున్నారని ఎవరో పిలిచారు. ఆమె చెయ్యి దించలేదు.